మేనమామ కట్టిన ముడి

ఓడకు ఇంకా 20 రోజులు

లేదప్పా, కింద పడలేదు. ఇక్కడ పిల్లలు కింద పడరు, పైకి పడతారు. కుంచి నుదుటి మీది బొప్పి పైకప్పు తగిలి వచ్చింది. నువ్వు అడగలేదు. నిన్న ఫోన్లో నీకు కనబడకూడదని దాని జుట్టు ముందుకు దువ్వింది నేనే. అందుకని చెబుతున్నాను.

ఆదివారం ఫోన్లో నాకు నోరు పెగలదు. నువ్వు "ఏరా తవిటీ, బాగున్నావా" అంటావు, నేను "ఊ" అంటాను. నువ్వు చంద్రుడి మీద నుంచి భూమికి దిగి పదిహేడు నెలలైంది. ఈ పదిహేడు నెలల్లో నీతో మాట్లాడింది ఆ "ఊ" ఒక్కటే. అందుకే నా ఫోన్లో ఇలా రాస్తున్నాను. పంపుతానో లేదో తెలీదు.

నీ కూతురు సంగతి. పొద్దున నేను లేచేసరికి పడక వల విప్పుకొని బీరువా మీద కూర్చుంది. బావ క్వారీలో వేసుకునే చొక్కా దాని చేతిలో ఉంది. జేబులోని దుమ్ము తీసి మొహానికి పౌడరులా రాసుకుంది. కళ్ళు తప్ప అంతా బూడిద రంగే.

"దిగవే కుంచీ" అన్నాను.

"మావా, కాసుకో" అంది. అప్పటికే దూకేసింది. అది ఎప్పుడూ దూకాకే చెబుతుంది.

పట్టుకుని, చెంబుడు నీళ్ళతో కడిగాను. ఇంటికి రోజుకు మూడు చెంబులే కదా, నేను మొహం కడుక్కోలేదు. బావ చూసి, "ఏట్రా తవిటీ, దుమ్ము పిల్లది పూసుకుంటే మొకం నీది మాసిపోనాదేటి?" అన్నాడు.

ఇరవై రోజుల్లో దిగుడు ఓడ వస్తుంది. ముందు రోజు రాహేలమ్మగారు కుంచికి బరువు పరీక్ష పెడతారు. మొలతాడుకున్న ఇరవై నాలుగు సంచుల్లో ఇరవై నాలుగు గుండ్లు వేసుకొని అది గీత నుంచి గీత దాకా నడవాలి, కూర్చుని లేవాలి, మూడు మెట్లు ఎక్కాలి. చేస్తే బావ దాన్ని ఎత్తుకుని నీ దగ్గరికి దిగుతాడు. చెయ్యలేకపోతే కింది బరువుకు దాని కాళ్ళు ఆగవని ఓడ ఎక్కనివ్వరు. దాని తర్వాత ఇంకొక్క ఓడ ఉంది, అంతే. రెండున్నరేళ్ళు దాటితే ఎముకలు ఇక్కడి బరువుకే గట్టిపడిపోతాయి. ఇంక ఎప్పటికీ దిగలేరు, నాలాగ.

బావ రోజూ దాని కాళ్ళు నొక్కి చూసి, "ఇరవై రోజులే, ఇరవై రోజులే" అంటున్నాడు. అది కూడా "ఇవ్వై" అంటోంది.

ఓడకు ఇంకా 18 రోజులు

ఇవాళ చెప్పేస్తాను.

మొదటి గుండు నువ్వుండగానే కట్టాం. నీకు గుర్తుండే ఉంటుంది. కింద మన వైపు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుడతారు, ఇక్కడ మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి గుండు కడతారు. నువ్వు దాని పాదాలకు పసుపు రాశావు. నేను ముడి వదులుగా వేస్తుంటే, "గట్టిగా కట్రా, ఇది నా దగ్గరికి రావాల" అన్నావు. తర్వాత నాలుగు రోజులకు నీ ఎముకలు గుల్లబారాయని డాక్టర్లు నిన్ను దించేశారు.

అప్పటి నుంచి ఇరవై రోజులకొక గుండు. రాహేలమ్మగారు ఇస్తారు, నేను సంచిలో వేసి ముడి వేస్తాను. మేనమామ కట్టిన ముడి ఇంకొకరు విప్పకూడదు. విప్పితే వాడి చేతిని అనుమానించినట్టు. బావ విప్పడు. రాహేలమ్మగారు కూడా విప్పరు.

లోపల పదకొండే ఉన్నాయప్పా. మిగతా పదమూడింట్లో పాత గుడ్డలు ఉండలు చుట్టి పెట్టాను.

పన్నెండో గుండు కట్టిన వారం దానికి జ్వరం వచ్చింది. తగ్గేదాకా ఒకటి తీసి ఉంచమన్నారు రాహేలమ్మగారు. తీశాను. జ్వరం తగ్గిన మర్నాడు అది గోడను తన్ని, గది ఈ మూల నుంచి ఆ మూలకు పోయి, దీపం కమ్మీ పట్టుకుని వేలాడుతూ నవ్వింది. అంత నవ్వు నువ్వు వెళ్ళాక ఇంట్లో వినలేదు. క్వారీ నుంచి అప్పుడే వచ్చిన బావ గుమ్మంలోనే నిలబడిపోయి, బూట్లు విప్పడం మర్చిపోయి నవ్వాడు. గుండు నా చేతిలోనే ఉంది. రేపు కడదాం అనుకున్నాను.

రేపు కూడా అలాగే అనుకున్నాను. ఇరవై రోజుల తర్వాత కొత్త గుండు వచ్చినప్పుడు దాని బదులు గుడ్డ ఉండ పెట్టాను. ఆ తర్వాత అలవాటైపోయింది. అసలు గుండ్లు తోటకూర ట్రేల కింద ఉన్నాయి.

ఓడకు ఇంకా 17 రోజులు

ఇవాళ బావ డ్యూటీకి వెళ్ళాక గుడ్డలన్నీ తీసేసి ఇరవై నాలుగూ వేసి కట్టాను. ఒకేసారి. తప్పే, కానీ రోజులు లేవు.

లేవబోయింది. లేవలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మొలతాడు వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ లేవబోయింది. నాలుగోసారి ఇంక ప్రయత్నం చెయ్యలేదు. కూర్చున్న చోటే కూర్చుని, నేను తోటకూర కాడలు తుంచుతుంటే ఆకులు ఒక్కొక్కటీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మూడు గంటలు. ఇల్లంతా ఎంత నిశ్శబ్దమంటే గాలి మిషను తిరగడం వినబడింది.

అన్నం దగ్గర కిటికీలోంచి భూమిని చూపించాను. రోజూ అలాగే తినిపిస్తాను. భూమి ఎప్పుడూ ఆ కిటికీలో అదే చోట ఉంటుంది కదా. "అదిగో అమ్మ" అంటే ముద్ద మింగుతుంది. అమ్మ అంటే గుండ్రంగా, నీలంగా ఉంటుందనే అనుకుంటోంది. ఫోన్లో నిన్ను చూసి, కిటికీలోకి చూసి, రెండింటినీ అమ్మే అంటుంది. ఇవాళ కిటికీ దగ్గరికి లేవలేక అక్కడి నుంచే చెయ్యి చాపింది.

సాయంత్రం బావ వచ్చే ముందు పదమూడూ మళ్ళీ తీసేశాను. నన్ను తిట్టుకో.

ఓడకు ఇంకా 14 రోజులు

ఇవాళ నీ ఫోన్. నువ్వు చూసింది నేను కూడా చూశాను కాబట్టి రాసుకుంటున్నాను.

నువ్వు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నావు. పోయిన నెల పడుకునే ఉన్నావు. "ఓలమ్మ, నా కుంచే, ఎంత పొడుగైపోనావే!" అన్నావు. బావ దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టాడు. నేను గట్టిగా పట్టుకున్నాను. ప్రతి ఆదివారమూ అందుకే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను.

"నిన్న నాను కర్రట్టుకుని ఇరవై అడుగులేసేను" అన్నావు. "నర్సు సప్పట్లు కొట్టింది. నా కూతురొచ్చీసరికి కర్ర పారేసి దాని సెయ్యట్టుకుని నడుస్తాను అన్నాను. ఏదీ, దాన్ని దించు తవిటీ. నడిపించు, సూస్తాను."

"ఊ" అన్నాను. దించలేదు.

"దించరా, దాని నడక మీ యప్ప సూడొద్దేటి?" అని బావ ఎత్తి కింద పెట్టాడు. అది నడవలేదు. మోకాళ్ళు వంచి, "అమ్మా, కాసుకో!" అని ఎగిరింది. నేరుగా పైకప్పుకు. రెండు చేతులూ చరిచి, తలకిందులై, మెల్లగా ఆకులా దిగింది.

నువ్వు నవ్వావు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు. తర్వాత చెయ్యి అక్కడే ఉంది, నవ్వు లేదు. ఇరవై నాలుగు గుండ్లున్న పిల్ల పైకప్పు దాకా ఎగరదు. ఇక్కడ పదేళ్ళు పనిచేసినదానివి, నీకు తెలుసు.

"తవిటీ" అన్నావు. అప్పుడే టైమైపోయి లైను కట్టయింది.

"సూసేవా, మీ యప్ప ఎంత మురిసిపోనాదో" అన్నాడు బావ.

ఓడకు ఇంకా 11 రోజులు

నిన్నటి నుంచి రోజుకొకటి వేస్తున్నాను. ఇవాళ్టికి పదమూడు. పరీక్షకు ఇరవై నాలుగూ కావు, అయినా వేస్తున్నాను.

నేను మొలతాడు పట్టుకుంటే చాలు, కుంచి బీరువా వెనక్కి పారిపోతోంది. "మావ వద్దు. నాన్న కావాల" అంటోంది. ఎప్పుడూ అనలేదప్పా ఈ మాట. రాత్రి వల కట్టేటప్పుడు కూడా నా వేలు పట్టుకోలేదు.

బావ వేళాకోళం ఆడాడు. "ఏటే, మావ మీద కోపమేటి? రేపు కిందకెల్లిపోతే మావే కావాలని ఏడుస్తావు, అప్పుడాణ్ణి ఏడనుంచి తెత్తాను?"

తర్వాత బావే అన్నాడు, "తవిటీ, మేం ఎల్లిపోతే నువ్వు క్వారీ మెస్సులో తిను. నీ ఒక్కడికీ వొండుకోకు. ఒక్కడికి వొండుకుంటే మనిసి తినడు."

"ఊ" అన్నాను.

ఓడకు ఇంకా 6 రోజులు

రాహేలమ్మగారు వచ్చారు. పరీక్షకు ముందు ప్రతి ఇంటికీ వస్తారు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి పిల్లలను చూస్తున్నావిడ. వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకున్నారు. నిద్ర పోతున్నారనుకున్నాను. కుంచి ఆవిడ చేతిసంచిలోంచి దువ్వెన తీసి, గది చుట్టూ పరిగెత్తి, ఆవిడ బోడి కాళ్ళకు దువ్వుతోంది.

కళ్ళు తెరవకుండానే, "ఎన్నున్నయ్యయ్యా?" అన్నారు.

"ఇరవై..." అన్నాను.

"అడుగు వింటన్నా. ఇరవై నాలుగు గుండ్ల పిల్ల నడిస్తే నేలకి తెలుస్తది. ఇది నడిస్తే నాకే తెలవట్లా. చెప్పు."

"పద్దెనిమిది. పది రోజుల కిందట పదకొండు."

కళ్ళు తెరిచారు. కోపంగా చూస్తారనుకున్నాను. దువ్వెన లాక్కుని కుంచి తల దువ్వడం మొదలుపెట్టారు.

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మూడు నెల్లయింది."

"మరి చెప్పలేదేం?"

"ముడి నీది. నువ్వే విప్పుతావని చూశా. అదీ నా తప్పే, రాసుకో." పిల్ల తల దువ్వుతూనే, "మీ అక్క నీకు గుండు కడతానని నా కాళ్ళు పట్టుకుందయ్యా, తెలుసా? నువ్వప్పుడు ఇంతున్నావ్. పన్నెండేళ్ళ పిల్ల. మీ మేనమామ కిందే ఉండిపోయాడు, నీకు కట్టేవాడు లేడు. పెద్దోళ్ళు ఆడపిల్ల కట్టకూడదన్నారు, నేనూ నోరు మూసుకున్నా. ఎవరు కట్టినా బరువు బరువేనని అప్పుడు నాకు చెప్పడానికి ధైర్యం చాల్లా" అన్నారు.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు.

వెళ్తూ గుమ్మం దగ్గర, "మీ బావకి నువ్వే చెప్పు. పరీక్షలో తెలిస్తే ఆ మనిషి తట్టుకోడు" అన్నారు.

ఓడకు ఇంకా 5 రోజులు

మూడుసార్లు బావ ఎదురుగా నిలబడ్డాను. ఒకసారి నీళ్ళు కావాలా అని అడిగాను. ఒకసారి ఊరికే నిలబడ్డాను. మూడోసారి, "ఏట్రా, స్తంభమా?" అన్నాడు.

చివరికి ఫోన్లో టైపు చేసి చూపించాను. "బావా మొలతాడులో గుడ్డలు పెట్టాను. పదకొండే ఉండేవి. పిల్ల ఎగిరితే బాగుందని తీశాను. పరీక్ష పాసవ్వదు." ఇంతే.

బావ మెల్లగా చదువుతాడు కదా. పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఫోను నా చేతికి ఇవ్వలేదు, బల్ల మీద పెట్టాడు.

"ఆవిడక్కడ ఇరవై అడుగులేసినానని సంబరపడతంది" అన్నాడు. "ఇరవై అడుగులురా."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. బూట్లు వేసుకుని డ్యూటీ లేకపోయినా క్వారీకి వెళ్ళిపోయాడు. రాత్రి భోజనానికి వచ్చాడు. సగం తిన్నాక, "కూరలో ఉప్పు లేదు" అన్నాడు. ఉప్పు అందించాను.

ఓడకు ఇంకా 1 రోజు

ఇరవై నాలుగూ వేశాం. ముళ్ళు నేనే కట్టాను, బావ చూస్తుండగా.

కుంచి గీత దగ్గర నిలబడింది. అవతలి గీత దగ్గర నేను కూర్చున్నాను. రాహేలమ్మగారు, "పిలువు" అన్నారు. చేతులు చాపాను.

మొదటి అడుగు వేసింది. రెండోది. పెదవి కొరుకుతోంది, అచ్చం నువ్వు బరువు ఎత్తేటప్పటిలాగే. ఆరు అడుగులు వేసిందప్పా! వారం రోజులు "మావ వద్దు" అన్నది, నా వైపే వేసింది. గీత దాటి నా ఒళ్ళో పడింది. బావ గట్టిగా అరిచాడు. నేను కూడా అరిచానట, బావ చెప్పాడు.

తర్వాత కూర్చుని లేవమన్నారు. కూర్చుంది. లేవలేదు. ఎంతసేపు చూసినా లేవలేదు. చివరికి నేల మీద పడుకుని, రాహేలమ్మగారి చెప్పు తీసుకుని ఆడుకుంది.

మెట్ల దాకా పోలేదు.

తర్వాతి ఓడకు 60 రోజులు

ఓడ వెళ్ళిపోయింది. అందులో బావ సీటు ఉంది, వెళ్ళలేదు. కిటికీలోంచి ముగ్గురం చూశాం. కుంచి టాటా చెప్పింది, ఓడకు కాదు, నీలం అమ్మకు.

సాయంత్రం నీకు ఫోను కలిపారు. బావ చెప్పాడు, "కాళ్లింకా కుదర్లేదే. నెక్స్టు ఓడకి తప్పకుండా." నా పేరు చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. నువ్వు దిండు సర్దుకున్నావు. తర్వాత, "పిల్ల తిన్నదా?" అన్నావు. ఇంకేమీ అడగలేదు. పైకప్పు దాకా ఎగిరింది నువ్వు చూశావు, అయినా అడగలేదు.

రాహేలమ్మగారు మళ్ళీ మొదలుపెట్టమన్నారు. పదకొండు దగ్గర ఆగి, అక్కడి నుంచి నాలుగు రోజులకొకటి. సరిగ్గా వేస్తే ఓడకు వారం ముందే ఇరవై నాలుగూ పడతాయి. దానికి రెండున్నరేళ్ళు నిండక ముందే. ఇదే ఆఖరి ఓడ, రోజు తప్పితే లేదు.

తర్వాతి ఓడకు 49 రోజులు

పదమూడు గుండ్లున్నాయి లోపల. నిజంగా పదమూడు. నిన్న బావను విప్పి చూడమన్నాను. "ముడి ఇప్పకూడదురా" అన్నాడు. నేనే విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించాను.

కుంచి ఇప్పుడు బీరువా మీదికి ఒక్క గెంతులో పోలేదు. కుర్చీ ఎక్కి, అక్కడి నుంచి బల్ల ఎక్కి, అక్కడి నుంచి ఎక్కుతుంది. దారి అదే కనిపెట్టింది. దిగేటప్పుడు మాత్రం అరిచి దూకుతుంది. పట్టుకుంటే నా చేతులు కొద్దిగా కిందికి పోతున్నాయి. అంత బరువుంది. ముందు ఇలా ఉండేది కాదు.

నిన్న గుండు మీద చెయ్యి వేసి, "ఇదేటి?" అని అడిగింది. "అమ్మ దగ్గరికి పోడానికి" అన్నాను. కిటికీలోకి చూసి, "అమ్మ బరువా?" అంది. అవునన్నాను.

అప్పా, ఇవన్నీ ఇప్పుడు ఒకేసారి పంపుతున్నాను. మొదటి రోజు నుంచి. నాకు ఒక్కటి తెలీడం లేదు. అది నవ్వుతుందని గుండ్లు తీశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ పదమూడు గుండ్లు, ఇన్ని నెలలు, ట్రేల కింద పెట్టి రోజూ నీళ్ళు పోశాను. నవ్వు కోసమైతే ఒకటో రెండో తీసినా నవ్వేది. మీరు ముగ్గురూ కింద ఒక ఇంట్లో ఉండి, నేను ఇక్కడ మెస్సులో తింటూ ఉండటం నేను ఒక్కరోజు కూడా తలుచుకోలేదు. తలుచుకోకుండా ఉండటానికేనేమో తీశాను. నిజంగా తెలీదు.

మేనమామ చేతి ముడి అంటే ఏమిటో నీకు తెలుసు. నాకు కట్టడానికి పన్నెండేళ్ళప్పుడు నువ్వు కాళ్ళు పట్టుకున్నావు. నాకు ఎవరూ అడ్డు రాలేదు, ఇలా కట్టాను.

ఇకపై ముడి నువ్వు కడతావా అని బావను అడిగితే, "నాను కట్టను, మీ యప్ప సెప్పాల" అని నీ మీదికి తోశాడు. రాహేలమ్మగారు ఎవరు కట్టినా బరువు బరువేనన్నారు.

రేపు పద్నాలుగోది. కుంచిని నా ఒళ్ళో కూర్చోబెట్టుకోనా, బావ ఒళ్ళో కూర్చోబెట్టనా?